ముగ్గు రాని వాకిలి

బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల ఎనక ఉన్న గల్లీల ఆడోళ్లు ముగ్గులెయ్యరు. రాత్రి వాకిలి అలికి పండుకుంటరు, తెల్లారేసరికి ముగ్గులు అవే వచ్చి ఉంటయి. దేవవ్వ వాకిట్ల పద్మం, ఎదురింటి రాజేందర్ వాకిట్ల చుక్కల ముగ్గు. ఎవలింటిది వాళ్లది. ఏ పొద్దన్న ఒక వాకిట్ల ముగ్గు రాలేదంటే ఆ ఇంట్ల ఒకలికి గండం. ఎంటనే దవాఖానకు ఉరికితే తప్పుతది, లేకుంటే లేదు.

దేవవ్వ కొడుకు వేణుది గుండె జబ్బు. పోయినేడు గట్లనే నిజామాబాద్ ఉరికిచ్చి బతికిచ్చుకున్నది. అవ్వకు కండ్లు మసకలు. లేవంగనే వాకిట్ల కూసోని వేళ్లతోని నేల తడిమి, పిండి తగిలినంకనే చాయ్ పెట్టేది.

గా జపానోళ్ల బొమ్మల సినిమా వచ్చి కొంప ముంచింది. ఎన్కట జపాను నుంచి ఒకాయన కెమెరా వట్టుకొని గీ గల్లీకి వచ్చిండు. ఆ పొద్దే దేవవ్వ పెనిమిటి లింబయ్య పోయిండు. ముగ్గులేని వాకిలి, తెరిచిన తలుపు, లోపట దీపం. ఆయన తీసిన ఆ ఫొటో సూసి సినిమాల అచ్చం గట్లనే గీసిండ్రట. ఒక చిన్నపిల్ల ఆ గడపల కూసోని నాయినకోసం ఎదురుసూస్తదట. ఇంగ సూడు, హైదరాబాద్ నుంచి, నాందేడ్ నుంచి పోరగాండ్లు ఒకటే వచ్చుడు. ఫోన్ల బొమ్మ వెట్టుకొని, గడపకు సరిసూసుకొని ఫొటోలు దిగుడు.

"సీన్ల ముగ్గు లేదు గదా అన్నా, ఇక్కడుందేంది?" అని ఒక పోరి మొకం మాడ్చుకుంది.

రాజేందర్‌ది చాయ్ హోటల్. వచ్చినోళ్లు ఉత్తగ మర్లిపోతే ఆయనకెట్ల? తెల్లారి నుంచే తడిబట్టతోని దేవవ్వ వాకిలి తుడుసుడు మొదలువెట్టిండు. అవ్వ ఆయన చెయ్యి వట్టుకుంది.

"తుడువు బిడ్డా, వద్దంటలేను. గని ముగ్గు వచ్చిందో రాలేదో సూసి, నాకు చెప్పి తుడువు. నా కొడుకు పానం గా పిండిలనే ఉన్నది."

"గిది చెప్పాల్నా అవ్వా? వేణు నాకు తమ్ముడు గాదా?"

కొన్నాళ్లు అవ్వ బయటికి రాకముందే సూసి, సక్కగనే చెప్పి తుడిసిండు. ఒకనాడు బస్సు నిండ జనం వస్తున్నరని తెలిసింది. పొద్దుగాల బకీటు వట్టుకొని పోతే, దేవవ్వ వాకిట్ల ముగ్గు లేదు. చెప్తే అవ్వ మొత్తుకుంటది, ఆటో వస్తది, గల్లీ అంత ఆగమైతది. తుడిసే పని తప్పిందనుకున్నడు, పాపిష్టోడు.

"వచ్చిందా బిడ్డా?" లోపటి నుంచి అవ్వ అడిగింది.

"వచ్చిందవ్వా, మంచిగ వచ్చింది."

బస్సు దిగినోళ్లు సేమ్ టు సేమ్ అని సంబురవడ్డరు. పగటీలి వేణు మంచినీళ్లు అడిగిండు. అవ్వ చెంబు తెచ్చేలోపట మంచంల నుంచి కిందవడి పానం ఇడిసిండు. అవ్వ ఏడ్సుకుంట వాకిట్లకు వచ్చి కూలవడ్డది. అరచేతుల కింద రాత్రి అలికిన గీతలు అట్లనే ఉన్నయి. పిండి లేదు, తడిబట్ట గుంజిన జాడ గూడ లేదు. లేసి లోపటికి పోయింది. శవం తలకాడ దీపం వెడితే, ఒక పోరి జర పక్కకు జరుపుమని అడిగింది. సీన్ల ఎడమదిక్కు ఉంటదట.

చావు జరిగిన ఇల్లు గదా, దినాలు అయ్యేదాక ఆ వాకిట్ల ముగ్గు రాలే. వచ్చినోళ్లు మస్తు కుష్ అయిండ్రు. మళ్ల పద్మం వచ్చుడు షురువైనంక రాజేందర్ బకీటు అవ్వకే ఇచ్చిండు.

"ఉత్తగ కూసుంటే మనసు కరాబైతది. నువ్వే తుడుసుకో అవ్వా."

పుష్యమాసంల ఒకనాడు మంచు కమ్మి ఎవలి కాళ్లు వాళ్లకే కనవడ్తలేవు. రాజేందర్ పెండ్లాం భాగ్యలక్ష్మి భీమ్‌గల్‌ల తల్లిగారింటికి పోయింది, ఇంట్ల ఆయనొక్కడే. జపానోళ్లే వస్తున్నరని, నిజామాబాద్ స్టేషన్ నుంచి తోలుకొచ్చెటందుకు బండి తీసిండు. దేవవ్వ రోజు లెక్కనే, ఆయన గడపల ఉంచే బకీటు కోసం ఆ వాకిట్లకు వచ్చి, అలవాటు తప్పక కూసోని నేల తడుముతున్నది.

"ఎట్లైన చెయ్యి పెట్టినవు, సూడరాదే అవ్వా. మా ముగ్గొచ్చిందా?"

అవ్వ ఈ గోడ నుంచి ఆ గోడదాక తడిమింది. అలికిన మట్టే తగిలింది. వేళ్లు చీరకు తుడుసుకుంది.

"వచ్చింది బిడ్డా, మంచిగ వచ్చింది."

రాజేందర్ బండి కిక్కు గొట్టిండు. చప్పుడు మంచుల కలిసేదాక విని, అవ్వ బకీటు వట్టుకొని తన వాకిలి తుడువ పోయింది.