సాగిన గొంతు

మా మరదలికి నేను పెట్టిన పేరు వడగళ్లు. నోరు తెరిచిందంటే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టే. పెళ్లయిన కొత్తలో ఆమె ఏమంటోందో అర్థంకాక మా ఆవిడ మొహం చూసేవాణ్ణి. ఆవిడ తీరిగ్గా మళ్లీ చెప్పేది. నేను పేరు పెట్టినందుకు బదులుగా మరదలు నన్ను చిర్రుబుర్రు బావ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు గనుక నేనూ పట్టించుకోను.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం నా కొట్లోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుని, చాలాసేపు ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు భయం వేసింది.

నేను చేసేది పాత గొంతులను బతికించే పని. అటకమీది క్యాసెట్లు, మూలపడ్డ కంప్యూటర్లలోని పాటలు, ఎవరో పోయినవాళ్ల మాటలు తెచ్చిస్తారు. ఇప్పటి యంత్రాలు వాటిని చదవలేమని మొరాయిస్తే, చదివేలా మార్చి ఇస్తాను. మరదలిది అంబులెన్సు వాళ్ల కాల్ సెంటర్లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. ఆమె ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. కొన్నాళ్లుగా మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా సయించడం లేదు.

జరిగింది ఇది. ఒక ఇంట్లో పెద్దాయన కుప్పకూలిపోయాడు. అంబులెన్సు ఆలస్యంగా వెళ్లింది. ఆయన దక్కలేదు. ఊళ్లో లేని కొడుకు తిరిగొచ్చి ఫిర్యాదు చేశాడు. ఫోన్ చేసింది తనేనని, అవతలి అమ్మాయి ఎంతకీ బండి పంపలేదని అతని భార్య, ఆ ఇంటి కోడలు, చెప్పింది. మా మరదలేమో, ఫోన్ చేసింది చిన్నపిల్ల, పాపం అడ్రసు కూడా తెలీదు అంటుంది. రికార్డింగు వింటే తేలిపోయేదే. కానీ ఈలోగా కాల్ సెంటర్లో కంప్యూటర్లన్నీ మార్చేశారు. పాత రికార్డింగులు కొత్తవాటిలో తెరుచుకోలేదు. అక్కడి ఇంజనీరు నానా తంటాలు పడి చివరికి ఆ ఒక్క ఫైలూ తెరిచాడు.

తెరవకపోయినా బాగుండేది. అందులో పిల్ల లేదు. ఎవరో పెద్దావిడ, బరువైన గొంతుతో తాతయ్య లేవడం లేదంటోంది. పిల్లలు పుట్టాక ఇంట్లో పెద్దాయన కోడలికి కూడా తాతయ్యే కదా, ఆ మాటను ఎవరూ అనుమానించలేదు. ఇటువైపు మా మరదలు మత్తులో ఉన్నదానిలా మాటలు సాగదీస్తూ, ఆ పెద్దావిడను బంగారం అనీ నాన్నా అనీ పిలుస్తూ, మీ గేటు ఏ రంగు అని అడుగుతోంది. చివర్లో అంతా గుయ్యిమనే హోరు. విన్న విచారణ కమిటీ వాళ్లు మా మరదల్ని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. ఆమె నా కొట్లోకి వచ్చిన మర్నాడే ఆఖరి విచారణ. అక్కడ తప్పు ఆమెదే అని తేలితే ఆ తర్వాత పోలీసు కేసు, జైలు.

కాసేపటికి ఆమె పెన్‌డ్రైవు బల్లమీద పెట్టింది. అడిగితే కాపీ ఇచ్చారట.

"బావా, ఫోన్ చేసింది పాపే. నా చెవులతో విన్నా. కానీ వాళ్లు వినిపించిందాంట్లో పాప లేదు. ఆ నిద్రమొహం గొంతు నాదేనంట. నాకేమన్నా పిచ్చి పట్టిందా?"

మామూలు రోజయితే, ఇప్పుడు కొత్తగా పట్టడమేంటి అనేవాణ్ణి. ఆ రోజు పెన్‌డ్రైవు చేతిలోకి తీసుకున్నాను.

"చివర్లో ఆ పాప నాతో ఒక మాటంది," అంది మళ్లీ. "అదేంటో నీక్కూడా చెప్పను. ఎవరికీ చెప్పనని మాటిచ్చా. అది ఇందులో ఉంటే నా బుర్ర సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే..."

ఆ మాట పూర్తి కాకముందే పెన్‌డ్రైవు కంప్యూటరుకు తగిలించాను.

నేను పనిలో పడ్డాను. మామూలుగా ఏ ఫైలైనా మొదట్లోనే తన సంగతి చెప్పుకుంటుంది, నేను ఫలానా రకం, నన్ను ఇంత వేగంతో వినిపించండి అని. దీనికి ఆ తలకాయ లేదు. పాత యంత్రాలు ఆ వివరాలను వేరే చోట దాచుకునేవి. ఆ యంత్రాలు తుక్కులోకి పోయాయి. మిగిలింది వట్టి మొండెం. రకం నేనే ఊహించాలి, వేగం నేనే ఊహించాలి. మొదటి ఊహకు స్పీకర్లు కీచుమని అరిచాయి. మరదలు స్టూలు మీంచి లేచి నిలబడింది. రెండో ఊహకు హోరు తగ్గి గొంతులు పైకి తేలాయి.

వేగం దగ్గర నేను పెద్దగా ఆలోచించలేదు. ఫోన్ మాటలకు మా వృత్తిలో అందరం కళ్లు మూసుకుని పెట్టే వేగం ఒకటుంది, అదే పెట్టాను. ఆ ఇంజనీరూ అదే పెట్టి ఉంటాడు. నాకూ అతనికి వినిపించిందే వినిపించింది. మందంగా, తడబడుతూ, మాటకూ మాటకూ మధ్య తూగుతున్న గొంతు. ఊపిరి తీసుకునే తీరు మాత్రం అచ్చం మా మరదలిదే. ఈ పిల్ల నిద్రపోయింది, ఒక మనిషి ప్రాణం పోయింది, ఇప్పుడు మాకు కథ చెబుతోంది అనిపించింది. కథ కాదు, నిజంగానే నమ్ముతోంది అనిపించినప్పుడు ఇంకా భయం వేసింది.

ఎప్పుడొచ్చిందో మా ఆవిడ టీ ఫ్లాస్కుతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంటే ఇది, నువ్వేమన్నా మందు వేసుకున్నావా ఆ రోజు?" అని అడిగింది, ఎంతో మెల్లగా. మరదలు అక్క వైపు చూసిన చూపు నేను చూడలేకపోయాను. పెంచిన అక్కే అలా అడిగాక ఇంక ఆమెకు ఎవరున్నారు? నేను స్క్రీను వైపు తిరిగి, ఏదో ఒకటి చెయ్యాలి గనుక మళ్లీ మొదటినుంచి పెట్టాను.

ఈసారి మాటల మీంచి చెవి తీసేసి, చుట్టూ ఉన్న చప్పుళ్లు విన్నాను. మధ్యలో ఒకచోట వరసగా కూతలు వచ్చాయి. అదేమిటని మరదల్ని అడిగితే, అంబులెన్సు స్టాండుకు కలపడానికి తను నంబరు నొక్కానని చెప్పింది.

ఫోనులో ఒక్కో అంకెకు ఒక్కో కూత. అది ఏ ఫోనులోనైనా ఒకటే, ఎవరు నొక్కినా ఒకటే. ఆ కూత విని అంకె చెప్పే ప్రోగ్రాం నా దగ్గరుంది; కూత సాగి బొంగురుపోతే మాత్రం అది పోల్చుకోలేదు. వినిపించాను. అది ఒక్క అంకె కూడా చెప్పలేదు. మళ్లీ వినిపించాను. ఖాళీ.

మనిషికి నిద్ర రావచ్చు, మత్తెక్కవచ్చు. ఫోను మీటకు మత్తెక్కదు. కూతలే సాగిపోయాయంటే సాగింది మరదలు కాదు, మొత్తం రికార్డింగు. కానీ నా ఊహ తప్పయితే? మా ఆవిడకు గానీ మరదలికి గానీ చెప్పే ధైర్యం లేక, పెదవి కొరుక్కుంటూ వేగం కాస్త పెంచాను. ఖాళీ. ఇంకాస్త పెంచాను. ఖాళీ. అప్పుడు పాత కంప్యూటర్లలో పాటలు దాచుకునే రోజుల వేగం ఒకటి గుర్తొచ్చింది. ఫోను మాటలకు దాన్ని ఎవరూ వాడరు. అది పెట్టాను.

స్క్రీను మీద అంకెలు వరసగా పడ్డాయి.

"స్టాండు నంబరు చెప్పు," అన్నాను. మరదలు గోడవైపు చూస్తూ గడగడా చెప్పింది. ఒక్క అంకె తేడా లేదు.

అదే వేగంతో మొదటినుంచి పెట్టాను. కొట్టంతా వడగళ్లు కురిశాయి. మా పిల్ల! చురుగ్గా, తొణక్కుండా, మాటమీద మాట అందిస్తూ. అవతల పెద్దావిడ లేదు. ఆరేడేళ్ల పాప. తాతయ్య లేవట్లేదంది. ఇంట్లో ఎవరూ లేరంది. అడ్రసు తెలీదంది. ఇదిగో బంగారం, కిటికీ దగ్గరకెళ్లు, మీ గేటు ఏ రంగు, ఎదురుగా కొట్టు ఉందా, బోర్డు మీద బొమ్మేంటి అని అడుగుతూ, ఏడవబోతున్న పిల్లను ఏడవనివ్వకుండా, ఆ ఇల్లు ఎక్కడో పట్టుకుంది మా మరదలు. మా ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టేసి చెల్లెల్ని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

చివరికి హోరు వచ్చేచోటు వచ్చింది. ఇప్పుడది హోరు కాదు, గుసగుస.

"ఫోన్ ముట్టుకున్నానని అమ్మకు చెప్పొద్దు. కొడుతుంది."

"చెప్పను నాన్నా. ఒట్టు."

మరదలు కళ్లు తుడుచుకుంది. బతికిపోయిన మనిషి మొహంలోకి అంత త్వరగా మళ్లీ భయం వస్తుందని నేననుకోలేదు. రేపు విచారణలో ఆ పాప తల్లి, అదే ఆ కోడలు, అక్కడే కూర్చుని వింటుంది.

"బావా, ఆ ముక్క తీసెయ్యొచ్చా?"

కోపం ఆపుకోలేకపోయాను. ఒక్క వెంట్రుకవాసి కోసినా మొత్తం వండి తెచ్చామంటారని, జైలుకు పోతావా అని కేకలేశాను. తనకు తెలుసంది. తెలిసే అడిగానంది.

మర్నాడు కమిటీ ముందు ఆ ఇంజనీరే కూతల సంగతి స్వయంగా సరిచూసి, తను పెట్టిన వేగం తప్పని ఒప్పుకున్నాడు. నిజాయితీ గల మనిషి. పాప గొంతు గదిలో వినిపించగానే కోడలు కుర్చీ అంచు పట్టుకుంది. గుసగుస దగ్గర నోరు నొక్కుకుంది. భర్త ఆమె వైపు చూసి, లేచి బయటికి వెళ్లిపోయాడు. పెద్దాయన్నీ పిల్లనూ వదిలి కాసేపు బయటికి వెళ్లానని, భర్తకు భయపడి అబద్ధం చెప్పానని, రికార్డింగులో పెద్ద గొంతు వినిపించినప్పుడు అదెవరిదో తెలీక తనే హడలిపోయానని చెప్పింది. మా మరదలి మీద ఏ తప్పూ లేదని రాసుకున్నారు.

బయట వరండాలో బెంచీ మీద ఆ కోడలు ఒక్కతే కూర్చుని ఉంది. ఆమెను నాలుగు దులపాలని నా నాలుక దురద పెడుతోంది. నేను నోరు తెరిచేలోగా మరదలు వెళ్లి పక్కన కూర్చుంది. జీవితంలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడింది.

"నేను మీకు చెప్పలేదు. చెప్పనని పాపకు మాటిచ్చా. మీరూ విననట్టే ఉండండి. దాన్నేమీ అనకండి."

"ఏమంటాను?" అంది ఆమె. "ఆ రోజు నుంచి అది నోరు తెరవలేదండీ. ఒక్క మాట లేదు."

తర్వాత నా చేతిలోని కంప్యూటరు వైపు చూసింది.

"ఆ గొంతు ఇంకొక్కసారి వినిపిస్తారా?"

తిట్లన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. బెంచీ మీద ఆమెకు ఇటుపక్క కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు నేనే పెట్టి, వేగం సరిగ్గా ఉందో లేదో మళ్లీ ఒకసారి చూసుకుని, మీట నొక్కాను.