వేడి లైటు

బావా బావమరుదులిద్దరిదీ సినిమా లైట్ల పనే. "ఫైటు సీనుకి చల్లటి ఎల్ఈడీలు పనికిరావు, పాత వేడి లైట్లే కావాలి" అని కెమెరామన్ పట్టుబట్టడంతో, బావమరిదికి ఖాయమైన పని బావకి దక్కింది.

కడుపుమంటతో బావమరిది సెట్లోకి దూసుకొచ్చి బావ కాలర్ పట్టుకున్నాడు.

"నా నోటికాడ కూడు లాక్కుంటావా బావా?"

"నీ దగ్గర ఆ లైట్లు లేకపోతే నేనేం చెయ్యనురా!"

మాట పూర్తికాకముందే పిడికిలి మూతిమీద పడింది. పన్ను ఊడి నేలమీద దొర్లింది. బావేం తక్కువ తినలేదు. మోకాలితో పొట్టలో ఒక్కటిచ్చి, వాణ్ణి గోడకేసి కొట్టాడు. ఒళ్ళు తెలియని కోపంతో బావమరిది, ఎత్తి విసరడానికి పక్కనే స్టాండుమీద వెలుగుతున్న లైటుకేసి రెండు చేతులూ చాచాడు. వాడు ఈ పనిలోకొచ్చిందే చల్లటి లైట్ల కాలంలో. చేతులకి గ్లౌజుల్లేవు.

వేడి లైటుమీదికి ఎవరి చెయ్యి వెళ్తున్నా, పగవాడిదైనా సరే, దగ్గరున్నవాడు "వేడి!" అని అరవాలి. అది పాత లైట్‌మన్ల కట్టుబాటు. దగ్గరున్నది బావ ఒక్కడే. నోరు తెరిచాడు. నాలుకకి పన్ను లేని సందు తగిలింది.

నోట్లోని రక్తంతోపాటు ఆ మాటనీ మింగేశాడు.

చర్మం చుయ్యిమంది. బావ అరవాల్సిన అరుపు బావమరిదే అరిచాడు.