అయ్యుండొచ్చు

ఆ ఇంట్లో ఇద్దరాడపిల్లలు, ఇద్దరూ రేసు కార్లు నడిపేవాళ్ళే. నాన్నది టైర్ల కొట్టు. అమ్మ కార్ల సీట్లకు కవర్లు కుట్టేది. పెద్దమ్మాయిని ట్రాక్ మీద అందరూ తుఫాను అనేవాళ్ళు. చిన్నమ్మాయికి అలాంటి బిరుదులేవీ రాలేదు. ఇంట్లో పిలిచినట్టే బయటా చిన్ని అనే పిలిచేవాళ్ళు.

చిన్ని నడపడం నేర్చుకున్నది అక్క కారు వెనక చక్రాలను చూస్తూ. అక్క ఎక్కడ బ్రేకు వేస్తే తనూ అక్కడే, అక్క ఎక్కడ స్టీరింగు తిప్పితే తనూ అక్కడే. ఎంత తంటాలు పడ్డా ఆ చక్రాలు ఎప్పుడూ తనకు ముందే ఉండేవి. అందుకు ఆమె ఏడ్చిన రోజులూ ఉన్నాయి. అక్క గెలిస్తే అందరికంటే గట్టిగా అరిచిన రోజులూ ఉన్నాయి. రెండూ నిజమే.

వాళ్ళున్న జట్టు చిన్నది. ఆ ఏడు పై తరగతి పోటీలకు వెళ్ళబోతోంది. అక్కడ నడపడానికి ఒక్క కారే, ఒక్క సీటే. అది తుఫానుదేనని జట్టు మేనేజరు ముందే చెప్పేశాడు. చిన్ని రిజర్వు డ్రైవరు. అంటే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గ్యారేజీలో కూర్చోవాలి. అక్కకు ఒంట్లో బాగోకపోతే తప్ప కారు ఎక్కడానికి లేదు. అక్కకా, జలుబు కూడా చేసేది కాదు.

కొత్త కారు రాకముందు, పాత కారుతో సాధన చేస్తున్న ఒక పొద్దున అక్క కారు అదుపు తప్పి టైర్ల గోడకు గుద్దుకుంది. దుమ్ము లేచింది. గ్యారేజీలోంచి అందరూ బయటికి పరుగెత్తారు. కాసేపటికి అక్క తనంతట తనే దిగి, హెల్మెట్ తీసి, చెయ్యి ఊపింది. ట్రాక్ డాక్టరమ్మ కళ్ళలో లైటు వేసి చూసి, నాలుగు ప్రశ్నలడిగి పంపేసింది.

"గోడకే ఎక్కువ తగిలినట్టుంది" అన్నాడు మెకానిక్ బాబాయి. అందరూ నవ్వారు.

ఆయన సొంత బాబాయి కాదు, నాన్న స్నేహితుడు. పిల్లలిద్దరికీ పెడళ్ళు అందని వయసు నుంచీ వాళ్ళ బళ్ళు విప్పిందీ బిగించిందీ ఆయనే. కోపమొస్తే కారుతో మాట్లాడేవాడు గానీ మనిషితో మాట్లాడేవాడు కాదు.

మర్నాటి నుంచి ఇంట్లో చిన్ని ఒక్కొక్కటే గమనించింది. అక్క నీళ్ళు గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోసింది. ఫోను చూసేటప్పుడు ఒక కన్ను మూసుకుంటోంది. ఎప్పుడూ రెండేసి మెట్లు దూకుతూ దిగే మనిషి గోడ పట్టుకుని దిగుతోంది. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు చిన్ని అడిగేసింది.

"ఏమైందక్కా నీకు?"

అక్క తలుపు దగ్గరగా వేసి వచ్చి మంచం మీద కూర్చుంది. "రెండు రెండుగా కనిపిస్తున్నాయే. ఎప్పుడూ కాదులే, అప్పుడప్పుడు. తగ్గిపోతుంది."

"డాక్టరమ్మకి చెప్పవా?"

"చెప్తే వారం లోపల కొత్త కారు టెస్టు ఉంది, అది పోతుంది. టెస్టు పోతే సీటు పోతుంది. నీకు తెలీనిదా? అమ్మ మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు."

చిన్ని ఒట్టు వేసింది. ఆ రాత్రి నిద్ర పట్టకపోయినా, పొద్దున్నే అక్క పక్కన కూర్చుని టిఫిన్ చేసింది. ఆ మర్నాడూ అంతే. అక్క మళ్ళీ కారెక్కింది. చక్రాలు మార్చే పిట్‌లోకి వచ్చేటప్పుడు ఆగాల్సిన గీత దాటి ముందుకు వచ్చేసింది. జాకీ పట్టుకుని నిలబడ్డ బాబాయి కాలి మీదుగా చక్రం పోవలసింది, వెంట్రుకవాసిలో తప్పింది.

"ఏంటమ్మా, గీత కనపళ్ళేదా?" అన్నాడాయన.

"ఎండ కళ్ళలో పడింది బాబాయ్" అంది అక్క.

ఆయన ఆకాశం వైపు చూశాడు. ఆ రోజు మబ్బుగా ఉంది. వంగి జాకీ కారు కింద పెట్టాడు. చిన్ని చెవుల మీది హెడ్‌ఫోన్లు సర్దుకుంది.

ఇంకో రెండు రోజుల్లో టెస్టు ఉందనగా మేనేజరు చిన్నిని వర్క్‌షాపుకు రమ్మన్నాడు. కొత్త కారులో డ్రైవరు వంటికి సరిపోయేలా సీటు పోత పోస్తారు. సంచిలో ద్రవం పోసి డ్రైవరును దాని మీద కూర్చోబెడితే, అది నురగలా పొంగి ఆ మనిషి వీపూ నడుమూ ఎలా ఉంటే అలాగే గట్టిపడుతుంది. అక్కది అప్పటికే అయిపోయింది. నిబంధన ప్రకారం రిజర్వు డ్రైవరుకు కూడా ఒకటి ఉండాలి.

చిన్ని కూర్చుంది. వీపు కింద వెచ్చగా ఏదో పొంగి ఆమెను పట్టుకుంది. పెడళ్ళు కాస్త ముందుకు జరిపారు. స్టీరింగు చేతికిచ్చారు. ముందు అక్క చక్రాలు లేవు. కారు పొడుగాటి ముక్కు, దాని అవతల ఖాళీ గోడ, అంతే. "కదలకు, ఇంకాసేపు" అన్నారెవరో. ఆమెకు కదలాలని లేదు. దిగమన్నప్పుడు ఎవరో నిద్ర లేపినట్టనిపించింది.

వర్క్‌షాపు నుంచి ఇంటికి పోలేదు. నేరుగా ట్రాక్ పక్కనున్న డాక్టరమ్మ గదికి వెళ్ళింది.

"డాక్టర్ గారూ, మా అక్క కళ్ళు ఒకసారి మళ్ళీ చూస్తారా? రెండు రెండుగా కనపడుతున్నాయంటోంది." ఆగి, "నేను చెప్పానని మాత్రం చెప్పకండి" అంది.

డాక్టరమ్మ ఆమె పేరు ఎక్కడా ఎత్తలేదు. టెస్టుకు ముందు మామూలుగా చేసే పరీక్షలంటూ అక్కను పిలిపించింది. తర్వాత స్కానింగుకు పంపింది. మెదడు పక్కన కాస్త రక్తం చేరింది. ఆపరేషను అక్కర్లేదు, విశ్రాంతితో కరిగిపోతుంది. కానీ రేసు కారు మాత్రం ఇక ఎక్కడానికి వీల్లేదు.

"ఇంకోసారి అలాంటి దెబ్బ తగిలి ఉంటే ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎవరో చెప్పబట్టి సరిపోయింది" అని డాక్టరమ్మ నాన్నతో చెప్పింది. నాన్న ఆసుపత్రి వరండాలో గోడకు తలానించి ఏడ్చాడు. అమ్మ, చిన్ని చెయ్యి పట్టుకుని, "ఎవరు చెప్పారో గానీ వాళ్ళు చల్లగా ఉండాలి" అంది. చిన్ని ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

ఇంటికొచ్చిన రెండో రోజు అందరూ భోజనానికి కూర్చున్నారు. అక్క పళ్ళెంలో కలిపిన అన్నం కలిపినట్టే ఉంది.

"బాబాయే చెప్పాడు" అంది ఉన్నట్టుండి. "ఆ రోజు గీత దాటినప్పుడే నా మొహం అదోలా చూశాడు. ఇంకెవరికి తెలుసు?"

"చెప్తే మంచిదేగా. ప్రాణం నిలబడింది" అన్నాడు నాన్న.

"నాతో చెప్పొచ్చుగా! నా వెనకాల పోయి చెప్పడమేంటి? కడుపు మీద కొట్టినట్టు కాదూ?" అక్క చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వేమంటావే? బాబాయే కదూ?"

చిన్నికి నోట్లో ముద్ద ఉంది. నమిలింది, మింగింది, నీళ్ళు తాగింది. అక్క ఇంకా చూస్తూనే ఉంది.

"అయ్యుండొచ్చు" అంది చిన్ని.

అక్కకు ఆ ఒక్క మాట చాలింది. మర్నాడే వర్క్‌షాపుకు వెళ్ళి పదిమంది ముందు ఆయన్ను నిలదీసింది. నమ్మకద్రోహి అంది. ఎత్తుకు పెంచిన చేతులతోనే గొంతు నులిమావంది. చిన్ని టూల్ ట్రాలీ పక్కనే నిలబడి అంతా విన్నది. బాబాయి చేతుల గ్రీజును గుడ్డతో తుడుచుకుంటూ, "నేను చెప్పలేదమ్మా" అన్నాడు. గుడ్డ పక్కన పడేసి, "చెప్పాల్సింది. అనుమానమొచ్చింది. అయినా చెప్పలేదు" అన్నాడు. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

"నా చెల్లెలి కారు మీద ఈయన చెయ్యి పడకూడదు" అంది అక్క మేనేజరుతో. గొడవ పెద్దదవుతుందని మేనేజరు ఆయన్ను వేరే పనికి మార్చబోయాడు. ఆయన ఆ మాట పూర్తికాక ముందే తన పానాల పెట్టె సర్దుకున్నాడు.

సీటు చిన్నిదైంది.

అక్కలా నడపలేదని మొదట్లో గొణిగినవాళ్ళే, రెండు మూడు పోటీలయ్యాక ఊరుకున్నారు. ఒక వాన రోజున ఆమె మూడో స్థానంలో వచ్చింది. ఆ తర్వాత ఓ పోటీ గెలిచింది. పేపర్లలో ఫోటో పడింది. నాన్న దాన్ని కొట్లో అతికించాడు. అక్క నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి పోటీకీ వచ్చేది. ఇంజన్ల మోతకు తలనొప్పి వచ్చినా కూర్చునేది. ఇంటికొచ్చాక వీడియో వేసి, "ఇదిగో, ఈ మలుపులో భయపడి ముందే బ్రేకు నొక్కేశావు. ఇక్కడిదాకా ఆగు, కారు తిరుగుతుంది, నన్ను నమ్ము" అని చెప్పేది. తనకు తెలిసిందంతా ఊడ్చి చెల్లెలి దోసిట్లో పోస్తున్నట్టుండేది. చిన్ని తెర వైపే చూసేది, అక్క వైపు చూసేది కాదు. అక్క తిట్టినా బాగుండేదనిపించేది.

గెలిచిన రోజు విలేకరి మైకు పెట్టి, "ఈ విజయం ఎవరికి?" అని అడిగితే, "మా అక్కకి" అంది. అలా అన్నందుకు వారం పాటు తన మీద తనకే రోత పుట్టింది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక బాబాయిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన ఊరి చివర లారీల షెడ్డులో పనిచేస్తున్నాడు. ఓ లారీ చక్రం విప్పి, బ్రేకు లైనింగులు మారుస్తున్నాడు. ఆమెను చూసి స్టూలు కాలితో ఇటు నెట్టాడు.

"డాక్టరమ్మకి చెప్పింది నేనే బాబాయ్."

"తెలుసు. నువ్వు ఆ గదిలోంచి రావడం చూశాను."

"మరి ఆ రోజు అక్క అన్నేసి మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావ్?"

"నువ్వు చెప్తావేమోనని. అక్కడే ఉన్నావుగా." ఆయన నట్టు బిగించి పానా పక్కన పెట్టాడు. "ఆ రోజు కాకపోతే మర్నాడు చెప్తావనుకున్నా. తర్వాత అనుకోవడం మానేశా."

"నన్ను క్షమించు బాబాయ్."

"ఇదిగో చూడు, నాకు కోపం లేదనుకోకు. ఉంది. బోలెడుంది. పేపర్లో నీ బొమ్మ చూసి సంతోషమేసింది, ఆ వెంటనే మండింది కూడా." ఆయన గొంతు పెంచలేదు. "నాకు తెలిసిందే నాకు చెప్పడానికి ఇంత దూరమెందుకు వచ్చావ్? తెలియనివాళ్ళు ఇంట్లో ఉన్నారు."

ఆమె ఇంటికి వచ్చేసరికి అక్క డాబా మీద ఉంది. ఉతికిన రేసు సూటు తిరగేసి తీగ మీద ఆరేస్తోంది. అది చిన్ని సూటే. చిన్ని నిలబడే చెప్పేసింది. డాక్టరమ్మ గది సంగతి, భోజనాల దగ్గర అన్న మాట, షెడ్డులో బాబాయి చెప్పింది, అన్నీ.

అక్క చేతిలోని క్లిప్పు తీగకు పెట్టింది. ఇటు తిరిగి అడిగింది.

"ఎందుకు చెప్పావే? నేను చచ్చిపోతాననా, సీటు కోసమా?"

"రెండూ."

"ఏది ముందు?"

చిన్ని అబద్ధం వెతుక్కుంది. దొరికింది కూడా. కానీ చెప్పలేకపోయింది. "నువ్వు ఒట్టేయించుకున్నాక రోజూ భయపడ్డాను. అయినా వెళ్ళలేదు. ఆ సీట్లో కూర్చుని లేచాక వెళ్ళాను."

అక్క తల ఊపింది, బరువైన దాన్ని మెడ మీదికి ఎత్తుకుంటున్నట్టు.

"చెప్పినందుకు నేనేమీ అనను. బతికున్నానుగా, అనే హక్కు లేదు. కానీ ఆయన్ని నా నోటితో అనిపించావు చూడు..." తీగ మీది సూటును గుప్పిట్లో నలిపింది. "నన్నెత్తుకు తిరిగిన మనిషే ఆయన. ఎవరి ముందు పడితే వాళ్ళ ముందు... పక్కనే నిలబడి చూశావ్ కదే!"

"సీటు వదిలేస్తానక్కా. రేపే మేనేజరుకి చెప్పేస్తా."

"వదలకు." ఆ మాట చెంపదెబ్బలా వచ్చింది. "వదిలేస్తే ఆ పాపం కూడా నా నెత్తినే పడుతుంది. చెల్లెలి కారు కూడా పోగొట్టిందంటారు. నడుపు. నా దగ్గరికి వీడియోలు మాత్రం తీసుకురాకు."

ఆ సాయంత్రమే అక్క లారీల షెడ్డుకు వెళ్ళింది. చిన్నిని రమ్మనలేదు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో వాళ్ళిద్దరూ ఎవరికీ చెప్పలేదు. వర్క్‌షాపులో మాత్రం చిన్ని తనే, అందరినీ పిలిచి, జరిగింది చెప్పింది. మేనేజరు బాబాయిని తిరిగి రమ్మని కబురు పెట్టాడు. ఆయన రాలేదు. లారీలు అలగవని జవాబు పంపాడట.

తర్వాతి పోటీలకు ఇంటి నుంచి అమ్మానాన్నలే వచ్చారు. చిన్ని ఓసారి నాలుగో స్థానంలో, ఓసారి ఆరో స్థానంలో వచ్చింది. మళ్ళీ ఓసారి గెలిచింది. మైకు పెట్టి అదే ప్రశ్న అడిగితే, "జట్టుకి" అని చెప్పి తప్పుకుంది. ఇంట్లో చిన్ని ఉప్పు గిన్నె ఇమ్మంటే అక్క ఇచ్చేది, తలుపు తియ్యమంటే తీసేది. అంతకు మించి మాటల్లేవు. "ఇద్దరూ కలిసి నన్ను చంపుతున్నారు" అని అమ్మ కుట్టు మిషనుతో చెప్పుకునేది.

అక్క కళ్ళు బాగయ్యాయి. మామూలు కారు నడపడానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. అక్క ఓ పాత కారు తీసుకుని, మూతబడిన గోదాము వెనకున్న ఖాళీ స్థలంలో ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టింది. సెలవు రోజుల్లో బాబాయి వచ్చి ఆ కారు చూసి పోతున్నాడని నాన్న చెప్పాడు.

ఒక ఆదివారం చిన్ని అటు వెళ్ళింది. పిలవకుండా వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళింది. ఓ నడివయసు టీచరమ్మ స్టీరింగును కొండచిలువను పట్టుకున్నట్టు పట్టుకుని కారును వెనక్కి తోలుతోంది. పక్క సీట్లోంచి అక్క, "అద్దంలో చూడండి, నన్ను కాదు!" అని అరుస్తోంది. బాబాయి గోడ నీడలో కూర్చుని టీ తాగుతూ, చిన్నిని చూసి గ్లాసు కిందపెట్టాడు గానీ పలకరించలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు.

కారు వరసగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లను గుద్దుకుంటూ పోయి ఆగింది. అక్క దిగింది. చెల్లెలిని చూసింది. టీచరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "బాగానే ఆపానా అమ్మా?" అని అడుగుతోంది.

"ఊరికే నిలబడకపోతే ఆ కోన్లు సర్దరాదూ" అంది అక్క, ఇటు చూడకుండా.

చిన్ని వంగి, పడిపోయినవాటిని ఒక్కొక్కటీ లేపి నిలబెట్టడం మొదలుపెట్టింది. వెనక టీచరమ్మ మళ్ళీ గేరు వేసిన చప్పుడైంది.