మనోజ్ఞ తల మీద ఒట్టు

శనివారం పొద్దున్నే తలంటుకుని, వంటింటి అలమర పై అరలో ఉన్న వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టి, దద్దోజనం నైవేద్యం చెయ్యడం మనోజ్ఞకి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. జర్మనీలోని జిండెల్ఫింగెన్ వచ్చాక మారింది ఒక్కటే. కర్పూరం వెలిగిస్తే పొగ అలారం అరిచి గోల చేస్తుందని హారతి బాల్కనీలో ఇస్తుంది. స్వామి గాజు తలుపులోంచి చూస్తాడు. ఏమీ అనుకోడు.

భోజనాలయ్యాక కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఆరిన జుట్టు విప్పుతుంది. ఆరేళ్ళ సహస్ర దువ్వెన పట్టుకుని వెనక నిలబడుతుంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు మూడున్నరకి మొదలవుతాయి. ఆ లోపలే ఎప్పుడో పిల్ల కేక వేస్తుంది.

"మామా, నోఖ్ ఐన్స్!"

అమ్మా, ఇంకొకటి వచ్చిందని, జర్మన్‌లో. నల్లటి జుట్టులో మొదలు నుంచి చివరిదాకా సున్నం పూసినట్టు తెల్లబడిన వెంట్రుక. ఒక్కో శనివారం మూడు. ఒక్కో శనివారం పది.

మనోజ్ఞ అమ్మమ్మ బాలామణిగారి వైపు ఆడవాళ్ళకి ఇది ఉన్నదే. ఎవరైనా వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పితే, తప్పిన గడియలో ఒక వెంట్రుక తెల్లబడుతుంది; తప్పుతూ పోతే పక్కవాటికీ పాకుతుంది. పేకాట మానేస్తానని తాతయ్య ఒట్టేసిన ఏడాది తిరక్కుండా అమ్మమ్మ తల ముగ్గుబుట్ట అయిపోయింది. రామచంద్రపురంలో పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ తల వంక ఒకసారి చూసి, "నిన్న బాబుగారు ఆడొచ్చినట్టున్నారే" అని గిన్నె అందుకునేదట. సంబంధాలు మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఆ ఇంటి మగవాళ్ళ గురించి ఊళ్ళో ఎవర్నీ వాకబు చేసేవాళ్ళు కారు. ఆడవాళ్ళ తలలు చూసి, కాఫీ తాగి, లేచేవాళ్ళు.

మనోజ్ఞకి ఈ కథలన్నీ కంఠతా వచ్చు. ఎవరి పెళ్ళిలో ఎవరికి ఎన్ని తెల్లవెంట్రుకలో అడిగితే చెప్పగలదు. అలాంటిది, తన తల దగ్గరికి వచ్చేసరికి మొగుడి మాట నమ్మింది.

రెండేళ్ళ కిందట విక్రాంత్ ఫోన్లో ఫుట్‌బాల్ పందేలు కాసి ఇంట్లో ఉన్నది పోగొట్టాడు. కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పని, మంచి జీతం, నెమ్మదైన మనిషి. ఆ నెమ్మదిలోనే అంతా పోయింది. తెలిసిన రోజున మనోజ్ఞ అరవలేదు, ఏడవలేదు. స్వామి ముందు కూర్చుంది. అతనే వచ్చి ఆమె నడినెత్తిన చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు మనూ, ఇంక పందెం కాయను" అన్నాడు. అంతటితో ఆగక, జర్మనీ మొత్తం మీద ఏ పందేల కంపెనీ తనని రానివ్వకుండా నిషేధ జాబితాలో తన పేరు తనే రాయించుకున్నాడు. ఆ కాగితం వచ్చిన రోజున ఆమె పరవాన్నం వండింది.

కిందటి ఆగస్టులో మొదటి తెల్లవెంట్రుక కనిపించింది.

"ఏవండీ, మళ్ళీ ఏమన్నా..." అని ఆమె అడగబోతే అతను ఫోను తీసి చేతిలో పెట్టాడు. "చూసుకో. ఒక్క యాప్ ఉంటే చెప్పు. నా పేరు జాబితాలో ఉంది, కాద్దామన్నా ఎవడు కాయనిస్తాడు? ఇక్కడి నీళ్ళు మనూ. కుళాయి నిండా సున్నమే."

నిజమే అనిపించింది. తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవర్ని కదిపినా ఇక్కడి నీళ్ళకి జుట్టు ఊడిపోతోందనే అంటారు. రాజ్యశ్రీ అని ఒకావిడ షవర్‌కి ఫిల్టర్ పెట్టించుకోమంది. మనోజ్ఞ పెట్టించుకుంది. నెలనెలా దాని కార్ట్రిడ్జ్ మార్చింది. మెట్లు ఊడ్చే వంతు వచ్చి చీపురుతో నిలబడ్డ కింది ఇంటి పెద్దావిడ మాత్రం ఆమె తల చూసి, "మీ ఆయన ఏం మాట తప్పాడమ్మా?" అని మామూలుగా అడిగింది. "నీళ్ళండీ" అంది మనోజ్ఞ. పెద్దావిడ తలూపి, కింది మెట్టుకి దిగింది.

అమ్మతో వీడియో మాట్లాడేటప్పుడు ఫోను బాగా దగ్గరగా పట్టుకోవడం అప్పుడే అలవాటయింది. కళ్ళూ ముక్కూ నోరూ తప్ప ఇంకేం కనబడేవి కావు. "ముఖమంతా ఫోన్లో దూర్చేస్తావేంటే" అని అమ్మ నవ్వేది.

మార్చి వచ్చేసరికి నల్లవెంట్రుకల్ని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ శనివారం పూజ అయి లేస్తుంటే విక్రాంత్ ఒక సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల జుట్టుకి వేసే నల్లరంగు డబ్బా.

"పదకొండింటికి వీడియో అపాయింట్‌మెంట్ ఉంది మనూ. పాస్‌పోర్టు పట్టుకుని నువ్వు కూర్చోవాలి. ఈలోపు ఈ రంగు వేసేసుకో, పాస్‌పోర్టులో ఫోటోలా ఉండాలి కదా."

ఈ దేశంలో ఇది కొత్తేం కాదు. బ్యాంకుకి, ఫోన్ సిమ్ముకి, వీసా ఆఫీసుకి, ఏడాదికి నాలుగుసార్లు ముఖం పక్కన పాస్‌పోర్టు పట్టుకోవడమే. కిందటేడు వేసవిలోనూ ఒకసారి, "వీసా కోసం" అంటే, ఎందుకని అడక్కుండా పట్టుకుంది.

రంగు వేసుకుంది. కడిగితే రంగు రంగంతా నీళ్ళలో జారిపోయింది. జుట్టు అంతకుముందు కన్నా తెల్లగా మెరిసింది.

"సరే, ఎలాగో చెబుదాంలే" అని అతను తెల్లకాగితం, పెన్ను ఇచ్చాడు. "ఈరోజు తేదీ, కింద ఈ పేరు, నీ చేత్తో రాయి. పాస్‌పోర్టు పక్కన పట్టుకోవాలి."

ఫోన్లో చూపించింది ఒక కంపెనీ పేరు. ఇంగ్లీషులో. పక్కన బ్రోకర్స్ అని ఉంది.

"ఇదేం ఆఫీసండీ?"

"బ్యాంకులాంటిదే."

మనోజ్ఞ పెన్ను కింద పెట్టింది. దువ్వెనకి చిక్కుకున్న వెంట్రుక ఒకటి తీసి వెలుతురుకి పట్టుకుంది. కొస నుంచి సగం దాకా తెలుపు, పైన సగం నలుపు. ఇలాంటివి చాలా ఉన్నాయి. అమ్మమ్మకి ఎప్పుడూ లేవు.

"నీళ్ళలో సున్నమైతే సగంలో ఎందుకు ఆగుతుందండీ?"

విక్రాంత్ ఆ వెంట్రుక చూశాడు. పరధ్యానంగానే అన్నాడు, "అది మొన్నటి బ్రెమెన్ ఆటది. దాన్లో పందెం రెండు ముక్కలవుతుంది. గోల్స్ సమానమైతే సగం పోతుంది, సగం వెనక్కొ..."

మాట మధ్యలో ఆగిపోయింది. పక్క గదిలో సహస్ర రంగు పెన్సిళ్ళతో ఏనుగు బొమ్మ గీస్తోంది.

ఇంతకాలం తను బెంగగా లెక్కపెట్టుకున్నవి, అతను చదువుకుంటున్నాడన్నమాట. ఏది ఏ ఊరి ఆటదో కూడా తెలుసు.

"ఒట్టు తప్పలేదు మనూ," అన్నాడు అతను గబగబా. "నేను కాయట్లేదు. బ్రోకరు ఎక్కడో దీవిలో ఉంటాడు. వాడి వెనక నాలుగైదు ఆసియా పందేల కంపెనీలు. ఎవరు మంచి రేటిస్తే వాళ్ళ దగ్గర వాడే కాస్తాడు. నేను చాట్‌లో ఒక ముక్క పంపుతానంతే. ఇక్కడివాళ్ళు గెలిచేవాణ్ణి గెంటేస్తారు. ఆ కంపెనీలు గెలిచినా పొమ్మనవు. ఈసారి గెలిచాం తెలుసా? నువ్వు ముఖం చూపిస్తే డబ్బు బయటికొస్తుంది."

"నా ముఖం ఎందుకు?"

అతను బల్ల వంక చూశాడు. "ఖాతా నీ పేరు మీద ఉంది. నా పేరు ఆ జాబితాలో ఉండిపోయింది కదా. ఎక్కడ బయటపడుతుందోనని..."

పరవాన్నం వండిన రోజు గుర్తొచ్చింది మనోజ్ఞకి. జీడిపప్పు ఎక్కువ వేసింది ఆరోజు.

"నా తల మీద చెయ్యి పెట్టారు," అంది మెల్లగా. "నా పేరు మీద కాశారు. తెల్లబడితే నీళ్ళన్నారు. ఇప్పుడు రంగు తెచ్చారు."

"ఇదే ఆఖరు. డబ్బు తీసుకుని మూసేస్తా. నమ్మవా? ఇదిగో, సహస్ర మీద ఒట్టు..."

అతను గదిలోకి రెండడుగులు వేసి చెయ్యి చాచాడు. పిల్ల తలెత్తకుండా ఏనుగుకి నీలం రంగు వేసుకుంటోంది. నల్లటి చిన్న పాపిడి. ఆ చెయ్యి ఇంకో జానెడు దిగితే చాలు.

మనోజ్ఞ ఎప్పుడు లేచిందో, మణికట్టు ఎప్పుడు పట్టుకుందో ఆమెకే తెలీదు. పదేళ్ళ కాపురంలో అతన్ని అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదలు.

"మీ తల మీద పెట్టుకోండి," అంది. "మీకు మీరే ఒట్టేసుకోండి."

చెయ్యి వదిలేసి నిలబడింది. అతని చెయ్యి పక్కన వేలాడుతూ ఉండిపోయింది. భుజం దాకా అయినా లేవలేదు.

లాప్‌టాప్ మోగింది. పదకొండు.

మనోజ్ఞ వెళ్ళి కూర్చుంది. తెర మీద చెవులకి హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి. ఇంగ్లీషులో పాస్‌పోర్టు చూపించమంది. చూపించింది. అమ్మాయి పాస్‌పోర్టులో నల్లటి జడనీ, ఎదురుగా ఉన్న తెల్లటి తలనీ చూసింది. చదవాల్సిన ప్రశ్నలు పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరు ఒట్టేశారు మేడమ్?"

"మా ఆయన."

"మా పెద్దమ్మకీ ఇంతే. మా వైపు కోడిపందేలు." మళ్ళీ తన ప్రశ్నల వంక చూసింది. "ఈ ఖాతా మీరే తెరిచారా?"

లాప్‌టాప్ వెనక విక్రాంత్ రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. మనోజ్ఞ అతన్ని చూసే మాట్లాడింది.

"లేదమ్మా. పాస్‌పోర్టు పట్టుకున్నది నేను. తెరిచింది నేను కాదు."

"అయితే మూసేస్తున్నాను మేడమ్. మొదట కట్టింది కట్టిన చోటికి వెళ్ళిపోతుంది. గెలిచింది రాదు. మీ పేరు మీద ఇక్కడ మళ్ళీ ఎవరూ తెరవలేరు." కాల్ కట్టేసే ముందు ఆ అమ్మాయి తెరకి దగ్గరగా వచ్చింది. "తెలుపు మీకు బాగుంది."

విక్రాంత్ బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. హారతి ఇచ్చిన పళ్ళెం ఇంకా అక్కడే ఉంది.

మనోజ్ఞ అమ్మకి వీడియో కలిపింది. ఫోను చేత్తో పట్టుకోలేదు. చక్కెర డబ్బాకి ఆనించి, రెండడుగులు వెనక్కి జరిగి, తల మొత్తం కనిపించేలా కూర్చుంది.

అమ్మ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఆగస్టు నుంచి."

"నాతో ఒక్క ముక్క అనలేదు."

"ఆయన నీళ్ళన్నారమ్మా. నమ్మాను." అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. తుడుచుకుని అడిగింది, "అమ్మమ్మ తల మళ్ళీ ఎప్పుడు నల్లబడింది?"

"నల్లబడ్డం ఎక్కడిది? పోయేదాకా అంతే. తాతయ్యకి అన్నం పెట్టింది, జ్వరమొస్తే కాళ్ళు పట్టింది. ఇంకెవరి తల దగ్గరికీ మాత్రం ఆయన్ని రానివ్వలేదు. నా పెళ్ళిలో అక్షింతలు కూడా దూరం నుంచి విసిరారు ఆయన. జ్ఞాపకం ఉంది నాకు."

ఈ ఒక్క సంగతీ మనోజ్ఞకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మూడున్నర అయింది. సహస్ర దువ్వెనతో వెనక చేరి, తలంతా వెతికి, నిరాశగా "హొయ్‌టె కైన్స్" అంది. ఈరోజు ఒక్కటీ లేదని.

"చాల్లే, ఇలా రా. నీ జడ వేస్తాను."

పిల్లని ముందు కూర్చోబెట్టుకుని పాపిడి తీసింది. బాల్కనీ తలుపు తెరుచుకుంది. విక్రాంత్ వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. రోజూ నిమిరినట్టే కూతురి తల నిమరబోయి, చెయ్యి సగంలో ఆపి, మనోజ్ఞ వంక చూశాడు.

మనోజ్ఞ తలెత్తలేదు. మూడు పాయలూ సమంగా తీసుకుని, జడ అల్లుతూ ఉంది. చాలాసేపటికి ఆ చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళిపోయింది.