రెండు గీతల సాక్షి

నేను ఒక కాగితపు పట్టీని. చిటికెన వేలంత పొడవు, పైన ప్లాస్టిక్ తొడుగు, ఒంటి మీద కంటికి కనబడని రెండు గీతలు. నా పని గొర్రెల మూత్రం రుచి చూడటం. నవ్వకండి, ఎవరి రాత వాళ్లది! కండ త్వరగా పట్టించే నిషేధించిన మందు ఆ మూత్రంలో లేకపోతే నా రెండు గీతలూ ఎర్రగా తేలతాయి. ఉంటే ఒక్కటే తేలుతుంది.

ఫ్యాక్టరీలో పుట్టి, రేకు కవరులో ఊపిరాడక, చివరికి పశువైద్యురాలు హిమజ గారి ఫ్రిజ్‌లో పెరుగన్నం డబ్బా పక్కన ఏడు నెలలు కాపురం చేశాను. ఒక పొద్దున ఆమె నన్ను సంచీలో వేసుకుని అనంతపురం వైపు ఓబుళమ్మ దొడ్డికి బయలుదేరారు.

మాంసం కంపెనీ వాళ్లు ఆ దొడ్డిలోని నలభై పొట్టేళ్లనూ తీసుకోవాలంటే నేను సరేననాలి. కాదంటే మంద మొత్తం వద్దంటారు. ఓబుళమ్మకు రెండు భయాలు. రెండు నెలల కిందట ఒక మందులాయన "నీళ్లలో కలుపు, కండ పడుతుంది" అని ఆమె మొగుడు ఈరన్న చేతిలో ఒక పొట్లం పెట్టి పోయాడు. ఆ పొట్లం ఇప్పుడు ఇంట్లో లేదు. కలిపేశాడేమోనని ఒక భయం, అడిగితే ఏం వినాల్సొస్తుందోనని ఇంకో భయం. ఈరన్న సంగతా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు.

హిమజ గారు గిన్నె పట్టుకుని ఒక పొట్టేలు వెనక అరగంట తిరిగారు. చుక్క లేదు.

"నిలబడిండేది పొయ్యదు మేడం. పండుకున్నదాన్ని లేపల్ల," అన్నాడు ఈరన్న. ఆ రోజుకు అదే అతని మొదటి మాట. పడుకున్న పొట్టేలును లేపగానే గిన్నెలోకి ధార పడింది. అన్నీ ఒకే తొట్టి నీళ్లు తాగేవే కాబట్టి దాని సాక్ష్యం అన్నిటికీ చెల్లుతుంది.

మూడు చుక్కలు నా మీద పడ్డాయి. మొదటి గీత తేలింది. రెండోది రాలేదు. నాకు భయం వేసింది. ఓబుళమ్మ ముఖం మాత్రం విప్పారింది. ఐదో నిమిషంలో రెండోది మెల్లగా ఎర్రబడింది. అమ్మయ్య అనుకున్నాను నేను. ఆమె ఉన్నచోటే కూలబడింది.

"రెండు గీతలు! కరోనాలో రెండు గీతలొస్తేనే గదా మా చిన్నాయన్ను ఆసుపత్రికి పట్టుకపోయింది! అయిపాయ, మంద అయిపాయ!"

హిమజ గారు నవ్వి ఆమెను లేపారు. "అది వేరే పరీక్ష ఓబుళమ్మా. దీంట్లో రెండు గీతలొస్తే మందు లేనట్టే. నీ మందకు ఏ దోషమూ లేదు."

ఓబుళమ్మ ఏడ్చింది, నవ్వింది, కొంగుతో ముఖం తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"మరి ఆ పొట్లం యాడ పెట్టినావు?"

"ఆ పొద్దే గుంత తీసి పూడ్చేస్తిని."

"చెప్పేదానికేమొచ్చింది నీకి?"

"నువ్వు అడగల్యా గదా."

మొగుణ్ణి ఒక్క మాట అడిగితే తీరే భయం, నా మీద మూడు చుక్కలు పడితే గానీ తీరలేదు. మనుషులు! నన్ను చెత్త సంచీలో వేసి మూతి కట్టారు. అప్పటిదాకా ఓబుళమ్మ అతన్ని తిడుతూనే ఉంది, మధ్యమధ్య నవ్వుతూ.