రెండో శాలువా

శాలువాలు రెండూ మా మీటింగులు నడిపే బాపురావే లండన్ సౌతాల్‌లో కొన్నాడు. రెండూ పసుపు రంగువే. కప్పే పని మాత్రం నాకు అప్పజెప్పాడు.

"హేస్‌ల మనోళ్ళందరిల నువ్వే పెద్దోనివి నర్సన్నా. కొత్త ఆఫీసర్లకు నీ చేతితోటి కప్పు. రెండు మాటలు మాట్లాడు. చాలు."

మా హేస్ పేటను చూసుకునే కౌన్సిల్ వాళ్ళు ఆ మార్చిలో ఇద్దరిని కొత్తగా పనిలోకి తీసుకున్నారు. ఒకడు మనీష్. కౌన్సిల్ అద్దెకిచ్చే తోట ముక్కల్లో కూరగాయలు పండించుకునే వాళ్ళకు సలహాలు చెప్పడం వాడి ఉద్యోగం. రెండో మనిషి ప్రణీత. ఇల్లిల్లూ తిరగాలి, ఇంగ్లిష్ రాని వాళ్ళను ఆస్పత్రికీ స్కూలుకూ తీసుకుపోవాలి, వాళ్ళ తరఫున మాట్లాడాలి. ఇద్దరినీ ఆదివారం కమ్యూనిటీ హాల్లో అందరికీ పరిచయం చేస్తారట.

ప్రణీత పేరు వినగానే సరేనన్నాను. శాలువా కప్పడానికి కాదు. అందరూ చూస్తుండగా కప్పకుండా ఉండడానికి.

ఐదేళ్ళ కింద నా భార్య లక్ష్మీబాయికి ఆస్పత్రిలో డాక్టర్ మాట తెలుగులో చెప్పింది ఈ ప్రణీతే. అప్పుడు మా పక్క ఫ్లాట్ పిల్ల. కాలేజీలో చదువుతుండేది. నేను గోడౌన్‌లో షిఫ్టులో ఉన్నాను. షిఫ్టు మార్చమంటే సూపర్‌వైజర్ మార్చలేదు. డాక్టర్ క్యాన్సర్ అన్నాడు. ముదిరిపోయిందన్నాడు. చూడవలసిన వాళ్ళుంటే ఇప్పుడే పోయి చూసి రమ్మన్నాడు. ఈ పిల్ల లక్ష్మీబాయికి చెప్పింది వేరే. గడ్డ అంది. మాత్రలు వేసుకుంటే కరిగిపోతుందంది.

లక్ష్మీబాయి తల్లి అప్పటికి సిరిసిల్లలో బతికే ఉంది. చూసి రావాలని లక్ష్మీబాయి ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. తగ్గిపోయే రోగమే గదా, చిక్కుడు కాయ తెంపినంక నిమ్మళంగా పోతా అంది. చిక్కుడు కాపుకొచ్చే సరికి మంచం దిగలేకపోయింది. ఆఖరికి నొప్పికి సూది వేయడానికి ఇంటికొచ్చిన నర్సు చెబితే నాకు తెలిసింది. మీకు తెలుసనుకున్నా అంది ఆమె.

ఆమె చిక్కుడు వేసిన తోట ముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. నేను తవ్వను. ఇంకొకరిని తవ్వనివ్వను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చలికాలం నుంచి నాకు దగ్గు. దగ్గితే రక్తం పడుతోంది. నాకొచ్చిన ఇంగ్లిష్ గోడౌన్ ఇంగ్లిష్, అది డాక్టర్ దగ్గర పనికిరాదు. మాకు పిల్లలు లేరు. అందుకని బాపురావు వెంట వచ్చాడు. డాక్టర్ ఎక్స్‌రే చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. బాపురావు నా వైపు తిరిగి, "ఏం లేదన్నా, ఇంకో టెస్టు చేస్తడట," అన్నాడు. అంత పొడుగు మాట తెలుగులో అంత పొట్టిదెట్లా అయింది? బయటికొచ్చాక చాయ్ తాగించాడు. కేకు కూడా కొన్నాడు. బాపురావు ఎవరికైనా కేకు కొనగా నేను చూడలేదు.

మళ్ళీ గురువారం రమ్మన్నారు. తనే వస్తానన్నాడు బాపురావు.

ఆదివారం హాలు నిండింది. సమోసాలున్నాయంటే నిండకేం చేస్తుంది. కౌన్సిల్ నుంచి ఒక తెల్ల మేనేజరమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆమెకు ఒక పక్క మనీష్, ఒక పక్క ప్రణీత. మనీష్ బూట్లకు మట్టి మచ్చ లేదు. వాడికి మొదటి శాలువా కప్పాను. చప్పట్లు కొట్టారు.

శివపార్వతి లేచింది. గుంటూరు వైపు మనిషి. ఏ మీటింగులోనైనా మొదటి ప్రశ్న ఆమెదే.

"బాబూ, ఈ చలికి కరివేపాకు మొక్క బతికే దారి ఏమైనా ఉందా?"

"లోపల పెట్టుకోండి ఆంటీ. హీటర్ పక్కన, కిటికీ దగ్గర."

"అక్కడ మా ఆయన కూర్చుంటారు."

"ఇద్దర్లో ఎవరికి నీళ్ళు పోస్తే ఉపయోగమో చూసుకోండి," అన్నారెవరో వెనక నుంచి. అంతా నవ్వారు.

మనీష్ కూడా నవ్వి నా వైపు తిరిగాడు. "అంకుల్, మీ ప్లాట్ నిండా ముళ్ళపొదలే ఉన్నాయి. వెయిటింగ్‌లో చాలామంది ఉన్నారు. మీరు చెయ్యలేకపోతే..."

"నువ్వు ఆఫీసరువు ఎప్పటినుంచి?"

"రేపు సోమవారం నుంచి అంకుల్."

"అయితే కూసో."

కూర్చున్నాడు. బాపురావు నా చేతిలో రెండో శాలువా పెట్టాడు. ప్రణీత లేచి నిలబడి తల వంచింది. శాలువా మడత విప్పలేదు నేను. చంకలో పెట్టుకున్నాను.

"ఈ పిల్లకు నేను శాలువా కప్పను," అన్నాను. "ఈమెను మీ ఇండ్లకు పంపుతున్నరు. రానిచ్చే ముందు ఇనుండ్రి. నా భార్యకు క్యాన్సర్ అని డాక్టర్ చెప్తే, ఈమె గడ్డ అని చెప్పింది. కరుగుతదని చెప్పింది. నా భార్య అది నమ్మింది. తల్లిని చూడకుంటనే సచ్చిపోయింది. ఈమె నోట్లకెళ్ళి వచ్చే మాట డాక్టర్ మాట కాదు. ఈమెది అబద్ధాల నోరు."

మేనేజరమ్మ నవ్వుతూ చప్పట్లు కొట్టింది. స్వాగతం చెబుతున్నాననుకుంది. తనొక్కతే కొడుతోందని తెలిసి చేతులు ఆపింది. ప్రణీత వైపు వంగి ఏమంటున్నాడని అడిగింది.

బాపురావు గబుక్కున ముందుకొచ్చాడు. "వెల్‌కమ్ మేడమ్, హి ఈజ్ సేయింగ్ వెల్‌కమ్..."

"కాదు," అంది ప్రణీత.

ఆ తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పింది. మెల్లగా, అందరికీ వినబడేట్టు చెప్పింది. నాకు అందులో తెలిసిన మాటలు కొన్నే. వైఫ్, క్యాన్సర్, మదర్, డెడ్, లైయర్ అంటే అబద్ధాలకోరు. నేనన్నదాంట్లో ఒక్కటీ పోలేదు. లైయర్ అన్నప్పుడు తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది, మేనేజరమ్మ ఇంకెవరినో అనుకోకుండా. మేనేజరమ్మ ముఖం పాలిపోయింది.

ప్రణీత మా వైపు తిరిగింది.

"అంకుల్ చెప్పింది కరెక్టే. మా ఇంట్ల ఎవ్వరూ ఆ మాట అనరు. మా తాతకు వచ్చినప్పుడు కూడా అనలేదు. పేషెంట్ ముందల అనొద్దని మా మమ్మీ చెప్పేది. అందుకే నేను ఆంటీకి చెప్పలేదు. ఇప్పుడు ఈ జాబ్‌ల డాక్టర్ ఏం చెప్తే అదే చెప్తా. ఎవరికైనా సరే, అదే మాట."

శివపార్వతి మళ్ళీ లేచింది. ఈసారి ముఖంలో నవ్వు లేదు.

"ఏమ్మా, మా అత్తగారిని నెలనెలా ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. ఆవిడ ముందు కూడా ఇలాగే అనేస్తావా?"

"డాక్టర్ ఆ మాట అంటే చెప్తా ఆంటీ."

"అయితే మా గుమ్మం తొక్కకు తల్లీ. ముసలిది ఆ మాట విన్న రోజే పోతుంది."

"మా ఇంటికి గూడ వద్దు బిడ్డా," అన్నాడు వెనక నుంచి హన్మంతు. వాడి తమ్ముడికి ఏదో ఉందని హేస్ అంతటికీ తెలుసు, తమ్ముడికి తప్ప.

ఇంకొందరు తలలూపారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. సమోసాల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. చూస్తూ నిలబడ్డాను. అబద్ధం చెప్పిందని నేనంటే ఒక్కరికీ చీమ కుట్టినట్టైనా లేదు. చిన్నపిల్ల, ఏదో మంచికే చెప్పింది అనుకుని ఉంటారు. నిజం చెబుతానంటే తలుపులేసుకున్నారు. ఆ పిల్ల ఉద్యోగం నేను చెడగొడదామని వచ్చాను. నా అవసరం లేకుండానే చెడింది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. వీళ్ళంతా లక్ష్మీబాయి అంత్యక్రియలకు వచ్చిన వాళ్ళే. ఆమెకున్నదేమిటో ఎంతమందికి ముందే తెలుసో.

"పొయ్యేటోళ్ళకు ధైర్యం చెప్పాలె గని," అంటున్నాడు బాపురావు నా పక్కన. "ఈ కాలపు పిల్లలకేం తెలుసన్నా."

నాకు దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాను. మడిచేలోగా బాపురావు చూశాడు. వెంటనే గోడ మీది బొమ్మల వైపు చూపు తిప్పుకున్నాడు.

"బాపురావూ."

"ఏందన్నా."

"డాక్టర్ మొన్న ఏమన్నడు?"

"చెప్పిన గదన్నా. ఇంకో టెస్టు..."

"గురువారం నువ్వు రాకు."

"అదేందన్నా, నేను రాకుంటే ఎట్లా? నీకు ఎవరు చెప్తరు?"

ప్రణీత ఒక్కతే కుర్చీలు మడిచి గోడకు ఆనిస్తోంది. ఎవరూ సాయం పట్టడం లేదు. మనీష్ సమోసాల దగ్గర శాలువాతోనే తిరుగుతున్నాడు, వాడిని కొత్తల్లుడిలా చూస్తున్నారు. నేను ప్రణీత దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి చేతిలో కుర్చీ కింద పెట్టింది.

"గురువారం పొద్దున నీకు పనుందా?"

"ఎందుకు అంకుల్?"

"ఆస్పత్రికి. నాకే."

చేతిరుమాలు వైపు చూసింది. చూపు పక్కకు తిప్పుకోలేదు. "నేనొస్తా," అంది.

"డాక్టర్ ఏమంటే అది చెప్పాలె. అదే మాట."

"చెప్తా."

"నిన్ను మన్నించి అడుగుతున్న అనుకోకు. నువ్వు నా ఇంటికి చేసింది నేను సచ్చేదాంక మరిచిపోను."

"తెలుసు అంకుల్."

"బయటికొచ్చినంక చాయ్ వద్దు. కేకు వద్దు."

అర్థం కాలేదు ఆమెకు. అయినా తలూపింది. ఏ డాక్టరు, ఎన్ని గంటలకు అని అడిగింది. చెప్పాను. బస్టాపులో ఉంటానంది. థాంక్స్ అనలేదు, ఏడవలేదు. ఆ రెంటిలో ఏది చేసినా రావద్దనేవాణ్ణి.

తలుపు దగ్గర బాపురావు చెయ్యి చాచాడు. "ఆ శాలువా ఇటియ్యి అన్నా. ఊకె పోతది. ఇంకెవరికైనా పనికొస్తది."

ఇవ్వలేదు. ఇంటికి తెచ్చి లక్ష్మీబాయి చీరల పెట్టె మీద పడేశాను. ప్రణీతకు కప్పేది లేదు. గురువారం ఆ మాట చెప్పినా కప్పేది లేదు.