రోహిణి కార్తెలో తెల్ల వేళ్లు

మా పక్కింటి లింగమూర్తి వేళ్లు చల్లటి నీళ్లు తగిలితే సుద్దముక్కల్లా తెల్లబడతాయి. గనిలో రాయి తొలిచే డ్రిల్లు పట్టుకునే వయసంతా గడిపాడు. ఆ అదురు చేతుల్లోకి ఎక్కింది. మొన్న చలికాలం ఒక వేలి చివర నల్లబడి పుండు పడింది. డ్రిల్లు మానకపోతే వేళ్లు దక్కవని మంచిర్యాల ఆస్పత్రిలో చెప్పారు. కాంట్రాక్టరు మాత్రం తన డాక్టరు రాసిస్తేనే వేరే పనికి మారుస్తానన్నాడు. ఆ డాక్టరు రమ్మన్నది రోహిణి కార్తెలో.

"గీ ఎండల ఏళ్లు తెల్లగెట్లయితయి సారూ?" అని అతని భార్య సారవ్వ మా గడపలో కూర్చుని అడిగింది.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. తెలిసేలా చెప్పబోయాను. రక్తనాళం లోపలి వైపు పలచటి కణాల పొర ఉంటుంది. ఆ కణాలకు పొటాషియం బయటికి పోయే సన్నని దారులుంటాయి. అవి తెరుచుకుంటే కణంలోని విద్యుత్తు మారుతుంది. ఆ కబురు చుట్టూ ఉన్న కండరానికి అందుతుంది, కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. అదురు ఆ పొరను పాడుచేసింది. చలికి బిగుసుకున్న నాళం ఇక తొందరగా సడలదు. ఎండ వేడికి మాత్రం ఇంకా సడలుతుంది.

"అంటే నా లోపట గేటుకాడోడు డ్యూటీల పండుకుంటుండు," అన్నాడు లింగమూర్తి. "ఎండ కొడితేనే లేస్తడు."

"నీ అసుంటోడే మరి," అంది సారవ్వ.

నా భార్య చంద్రమతి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నేను పాలు తీసుకెళ్లిన ఫ్లాస్కు అటక మీద ఉంది. ఆమె పోయాక దాన్ని దించలేదు. ఆ రోజు దించి, ఐసుముక్కలు నింపుకుని ముగ్గురం షేర్ ఆటో ఎక్కాం.

డాక్టరు గది బయట వరండాలో, తర్వాత పేరు మనదే అనగా, సారవ్వ తెచ్చిన గిన్నెలో నీళ్లు పోసి కొంత ఐసు వంచాను. లింగమూర్తి వేళ్లు ముంచి పళ్లు బిగించాడు. మెల్లగా వేళ్లు పాలిపోయాయి.

"తెల్లగైనయ్ సారూ, తెల్లగైనయ్!" సారవ్వ సంబరపడింది.

అప్పుడే ఒకతన్ని మోసుకొచ్చారు. వడదెబ్బ. కళ్లు తేలేశాడు. డాక్టరు బయటికి పరుగెత్తుకొచ్చి నీళ్లు, నీళ్లన్నాడు. సారవ్వ గిన్నెను కొంగు కిందికి లాక్కుంది.

"గదేందే, మనిషి పోతుండు!" లింగమూర్తి గిన్నె గుంజుకుని అతని నెత్తిన గుమ్మరించాడు. ఫ్లాస్కులో మిగిలిన ఐసు అతని మెడ కింద పెట్టాడు. తెల్లటి వేళ్లతో అతని నుదురు చాలాసేపు ఒత్తాడు.

అతను మూలిగి కళ్లు తెరిచాడు.

మమ్మల్ని లోపలికి పిలిచేసరికి లింగమూర్తి వేళ్లు ఎర్రగా ఉన్నాయి. డాక్టరు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. పుండు మానిన మచ్చ చూశాడు.

"రక్తం బాగానే ఆడుతోంది."

నేను చలి సంగతి చెప్పాను. కాసేపు ఆగితే ఐసు తెచ్చి చూపిస్తామన్నాను.

"ఐసులో పెడితే ఎవరి వేళ్లయినా పాలిపోతాయి సార్. నేను చూసిందే రాయాలి. చలికాలంలో రండి." మర్యాదగానే చెప్పాడు. కాగితం మీద పనికి తగినవాడని రాశాడు.

చలికాలం దాకా డ్రిల్లే. దుమ్ము లేవకుండా దానికి పెట్టిన నీళ్లు షిఫ్టంతా చేతుల మీద కారుతూనే ఉంటాయి.

ఆటోలో సారవ్వ మొహం అటు తిప్పుకుంది. లింగమూర్తి అంగీ పైగుండీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మొన్న చలికాలమంతా ఆ గుండీలు సారవ్వే పెట్టింది.

"గేటుకాడోడు ఇయ్యాల మంచిగ చేసిండు సారూ," అన్నాడు. "గీ ఒక్క దినం పండుకుంటే ఏంబోయె!"

నవ్వబోయి ఆగిపోయాడు.

తెల్లారి అతనిది మొదటి షిఫ్టు. సారవ్వ మా ఇంటికొచ్చి ఫ్లాస్కు అడిగింది. పని దిగాక చేతులు పెట్టుకోవడానికట. వేడినీళ్లు కాచి నేనే నింపి ఇచ్చాను.